కొండలూ కోటలూ, వాటి వెనక మనుషులూ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల శేషాచలం అడవుల మీద వచ్చిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు, వాట్సాప్‌లో మెసేజీలు పెట్టారు. విచిత్రమేమిటంటే ఎక్కువమంది అడిగింది చెట్ల గురించీ జలపాతాల గురించీ కాదు, మనుషుల గురించి. ఈ కొండల్లో ఎవరు తిరిగారు, ఈ కోటల్లో ఎవరున్నారు, ఈ రాళ్ళ మీద రాతల్ని ఎవరు చదివి పెట్టారు అని. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: సార్, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు మీద కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. రాజుల పేర్లు, స్వాముల పేర్లు కాకుండా ఆ అడవితో సంబంధం ఉన్న ఒక్క మనిషి పేరు చెప్పండి చాలు. (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

ఒక్కటే అంటే రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అని రాసుకోండి. 1830లో పుట్టి 1911లో పోయాడు. సైన్యంలో ఉద్యోగానికని వచ్చి అడవుల శాఖలోకి మారాడు, 1860 నుంచి 1882 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ అడవులన్నింటికీ పెద్ద అధికారి ఆయనే. అడవంటే కలప లెక్క ఒక్కటే అనుకునే రోజుల్లో ఆయన చెట్లు, ఫెర్న్ మొక్కలు, పాములు, కప్పలు, బల్లులు దేన్నీ వదలకుండా చూసి రాసుకున్నాడు. మన తిరుపతి కొండల్లో దొరికిన బంగారు బల్లిని 1870లో శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేసింది ఆయనే. ఈ అడవి అభయారణ్యం అయింది 1985లో, నేషనల్ పార్కు అయింది 1989లో, అంటే ప్రభుత్వం గీత గీసి దాదాపు 353 చదరపు కిలోమీటర్లు కాపాడాలని అనుకోవడానికి నూరేళ్ళకి పైగా ముందే ఇక్కడ ఏముందో ఒకాయన రాసి పెట్టాడన్నమాట.

ఆ బల్లి గురించి కొంచెం చెప్పనివ్వండి. పగలు కనపడదు. నీటి తడి ఉన్న లోయల్లో, రాతి నెర్రెల్లో, వెలుతురు పడని చోట దాక్కుంటుంది. మగ బల్లి పసుపు పూసినట్టు నిగనిగలాడుతుంది. కాలి వేళ్ళ చివర చిన్న చిన్న ఆకుల్లాంటి మెత్తలు జంటలుగా ఉంటాయి, వాటితోనే నిలువు బండని పట్టుకుని తల్లకిందులుగా కూడా నడిచేస్తుంది. ఆడ బల్లులు చాలా కలిసి ఒకే బండకి గుడ్లు అంటించి పెడతాయి. బెడ్డోమ్ తర్వాత చాలా కాలం దాన్ని గట్టిగా పట్టించుకున్నవాళ్ళు లేరు, 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు తూర్పు కనుమల్లో మళ్ళీ చూసి రాశాకే పేరు బయటికి వచ్చింది.

ఇంకొకటి కూడా ప్రాజెక్టులో పెట్టండి. మన కొండల్లో పేరీత అని ఈత మొక్కలా కనిపించే పొట్టి చెట్టు ఒకటుంది, దాని శాస్త్రీయ నామం సైకాస్ బెడ్డోమీ, ఆయన పేరే. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. అడవి మంటలకి ఆకులన్నీ మాడిపోయినా మొండెం లోంచి మళ్ళీ చిగురేస్తుంది. కడప, చిత్తూరు కొండల వైపే ఉంటుంది, లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. నాటు మందుల కోసం మగ చెట్టు కంకుల్ని కోసుకుపోతుంటారు, అది ఆపితే చాలు, మంటల సంగతి అది చూసుకుంటుంది. దాన్ని దేశం దాటించి అమ్మకూడదని అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది.

ప్రశ్న: ఎప్పుడు చూసినా దొరల పేర్లే చెబుతారు. అడవి తెలిసింది అక్కడ పుట్టినవాళ్ళకి కదా, వాళ్ళ పేర్లు ఎక్కడా ఎందుకుండవు? (టీచరు, రైల్వేకోడూరు)

మీ కోపం న్యాయమైనదే, అయితే ఒక పేరు మాత్రం ఉంది, అది మీ పక్క అడవిదే. ఐతన్న.

కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కాళ్ళు పొడుగ్గా, మెడ కింద రెండు పట్టీలతో, రాత్రిపూట ముళ్ళపొదల మధ్య ఖాళీ నేల మీద పరిగెత్తే పక్షి. జెర్డాన్ అనే మిలటరీ డాక్టరు చూశాడు, 1848లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర ఒకాయన చూశాక మళ్ళీ ఎవరికీ కనపడలేదు. గొప్ప గొప్ప పక్షి శాస్త్రవేత్తలు వచ్చి వెతికి వెనక్కి పోయారు, ఇక లేనట్టేనని రాసేసుకున్నారు కూడా. 1980లలో బొంబాయి సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే కుర్ర శాస్త్రవేత్త వచ్చాడు. అంతకుముందు వెతికినవాళ్ళకీ ఆయనకీ ఉన్న తేడా ఏమిటంటే, ఆయన బొమ్మలు పట్టుకుని ఊళ్ళలో జనాన్ని అడిగాడు. వేటకి తిరిగేవాళ్ళని, పొదల్లో వలలు పన్నేవాళ్ళని అడిగాడు. వాళ్ళకి ఆ పక్షి తెలుసు! 1986 జనవరిలో లంకమల అడవుల అంచున ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని చూసి చేత్తో పట్టుకున్నాడు. లోకమంతా పోయిందనుకున్న పక్షి 86 ఏళ్ళ తర్వాత అలా బయటపడింది. పాపం ఆ పక్షి ఎక్కువ కాలం బతకలేదు గానీ, అప్పటికి తొంభైకి దగ్గర పడిన పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ ఆ కబురు విని ఆ వయసులో విమానమెక్కి వచ్చారు.

దాని తర్వాత జరిగినవి చూడండి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోవాల్సింది, ఆ పక్షి కోసం దాని దారి మార్చారు. ఒక వేటగాడి కళ్ళు లేకపోతే ఇవేవీ లేవు. కలివికోడి మీద రాసేటప్పుడు భరత్ భూషణ్ పేరు పక్కనే ఐతన్న పేరూ రాయండి, మీ స్కూల్లో పిల్లలకీ అలాగే చెప్పండి.

ప్రశ్న: మా జేజినాయన చెప్పేవాడు, చామల అడవిలో మనుషుల్ని తినే పులిని చంపడానికి బెంగళూరు నుంచి ఒక దొర వచ్చాడని. నిజమేనా, కట్టుకథా? (రైతు, భాకరాపేట)

నిజమే. ఆయన కెన్నెత్ ఆండర్సన్. 1910లో సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టాడు, బెంగళూరులో బతికాడు, 1974లో పోయాడు. చామల లోయలో నరభక్షక పులి వెంటపడిన కథ ఆయనే వివరంగా రాశాడు. నాగపట్ల, పులిబోను లాంటి మన పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు తలకోనకి పోయే బస్సులో కూర్చుంటే కిటికీ లోంచి కనిపించే అడవే అది.

ఆండర్సన్ రాతల్లో నాకు నచ్చేది తుపాకీ కాదు. పులి భయంతో సాయంత్రం కాకముందే తలుపులు బిగించుకున్న ఊళ్ళు, ఆ భయంలోనే అడవిలోకి పోవాల్సిన ఫారెస్టు గార్డులు, వెదురు కొట్టుకునే కూలీలు, వాళ్ళందరినీ ఆయన మనుషులుగా చూపించాడు. పెద్దయ్యాక తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు కూడా. మీ జేజినాయన ఇంకేమైనా చెప్పి ఉంటే దయచేసి రాసి పెట్టుకోండి, తేదీలు లేకపోయినా పరవాలేదు. దొర వైపు నుంచి కథ పుస్తకంలో ఉంది, ఊరి వైపు నుంచి కథ మీ ఇళ్ళల్లోనే ఉంది.

ప్రశ్న: మద్రాసు నగరం పుట్టింది మా చంద్రగిరి రాజమహల్లోనే అంటారు. చుట్టాలొచ్చినప్పుడల్లా నేనూ అదే చెబుతుంటాను. తప్పు చెబుతున్నానేమో అని టెన్షన్. (గృహిణి, చంద్రగిరి)

టెన్షన్ వద్దమ్మా, కొంచెం మార్చి చెప్పండి చాలు. 1639 ఆగస్టు 22, దీన్నే ఇప్పుడు చెన్నై వాళ్ళు మద్రాస్ డేగా చేసుకుంటున్నారు. ఆ రోజు పేరుతో ఉన్న పట్టా ప్రకారం ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి సముద్రపు ఒడ్డున స్థలం ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన వందవాసి వైపు పాలకుడు, మన తెలుగువాడే. వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడు, చెన్నపట్నం అన్న పేరు ఆయన మీద పెట్టిందే. అప్పటికి వీళ్ళందరి మీద రాజు విజయనగర అరవీటి వంశపు పెద వెంకటరాయలు. ఆ పత్రం చంద్రగిరి రాజమహల్లోనే రాశారని ఊళ్ళో చెప్పుకుంటారు, గైడ్లూ అదే చెబుతారు, చరిత్ర రాసేవాళ్ళలో మాత్రం అందరిదీ ఒకే మాట కాదు. కాబట్టి "ఇక్కడే జరిగిందని చెబుతారు" అనండి. చంద్రగిరి రాజ్యం నీడలో మద్రాసు పుట్టిందన్నది మాత్రం ఎవరూ కాదనలేని సంగతి.

మీ చుట్టాలకి చెప్పడానికి ఇంకా మంచి కథలు ఆ కోటలో ఉన్నాయి. విజయనగర సింహాసనాన్ని 1485లో ఎక్కిన సాళువ నరసింహరాయలు అంతకుముందు ఈ చంద్రగిరి పాలకుడే, అన్నమయ్యని ఆదరించిందీ ఆయనే. శ్రీకృష్ణదేవరాయలు తన తమ్ముళ్ళని ఇక్కడే కోటలో కట్టడిలో ఉంచాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. వాళ్ళలో ఒకడైన అచ్యుతరాయలు 1529లో ఇక్కడి నుంచే బయటికి వచ్చి రాజయ్యాడు. ఆలోచించండి, కొండ మీద దేవుడు కనుచూపు మేరలో ఉంటాడు, తను మాత్రం గోడలు దాటడానికి లేదు, ఏ రోజుకి రాజవుతాడో, అసలు బతుకుతాడో లేదో తెలియదు. ఆ తర్వాత వెంకటపతిరాయలు రాజధానినే పెనుకొండ నుంచి ఇక్కడికి మార్చాడు, ఆయన కొలువుకి జెస్యూట్ పాదరీలు కూడా వచ్చారు.

రాజమహల్‌కి పోయినప్పుడు వంపు తిరిగిన ఆ తోరణాల కింద నిలబడి పైకప్పు చూడండి. మూడంతస్తుల భవనం, రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదంటారు. లోపల మ్యూజియం శుక్రవారం సెలవు, చుట్టాల్ని ఆ రోజు తీసుకెళ్ళకండి.

ప్రశ్న: అన్నీ మగవాళ్ళ పేర్లేనా? తిరుమల చరిత్రలో ఆడవాళ్ళు ఎవరూ లేరా? (నర్సు, పుత్తూరు)

ఉన్నారమ్మా, ఎందుకు లేరు. కొండ మీద రోజూ జరిగే సేవల్లోనే ఉన్నారు.

పల్లవ వంశపు సామవాయి. పదో శతాబ్దంలో ఆమె స్వామికి ఒక వెండి విగ్రహం చేయించి ఇచ్చింది, నగలిచ్చింది, వాటి ఖర్చులకి భూములిచ్చింది. ఇదంతా గుడి గోడ మీద శాసనంగా చెక్కి ఉంది. ఆ విగ్రహమే భోగ శ్రీనివాసమూర్తి. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో ఉయ్యాల మంచం మీద పడుకోబెట్టేది ఆ మూర్తినే. వెయ్యేళ్ళ కింద ఒక స్త్రీ ఇచ్చిన విగ్రహానికి ఈ రాత్రి కూడా పవళింపు జరుగుతుంది.

ఇంకొకామె తరిగొండ వెంగమాంబ. 1730లో వాయల్పాడు వైపున్న తరిగొండలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళయి భర్త పోతే, జుట్టు తీయించుకోమని చుట్టుపక్కలవాళ్ళు ఎంత పట్టుబట్టినా ఒప్పుకోలేదు. తిరుమలకి వచ్చేసింది. అక్కడా ఇబ్బందులు పెడితే అడవిలోకి, తుంబురు కోనకి పోయి కొన్నేళ్ళు తపస్సు చేసిందని చెబుతారు. ఆ కోన ఎలాంటిదో చూసినవాళ్ళకి తెలుసు. రెండు నిలువు బండల మధ్య సన్నటి దారి, కింద చల్లటి నీళ్ళు, కొన్నిచోట్ల నడుం లోతు, తల ఎత్తితే ఆకాశం ఒక గీతలా కనిపిస్తుంది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటికి పాపవినాశనం వైపు నుంచి జనం నడిచి పోతారు, అదీ గుంపులుగా, తోడుతో. ఒక్క ఆడమనిషి, పద్దెనిమిదో శతాబ్దంలో, అక్కడ! నేషనల్ పార్కుతో సంబంధమున్న మనుషులు అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఈమే. 1817లో తిరుమలలోనే కన్నుమూసింది. ఆమె పేరు మీదున్న అన్నదాన భవనంలో మనమందరం కూర్చుని తిన్నవాళ్ళమే, ఈసారి కొండకి పోయినప్పుడు ఆమె బృందావనం, అంటే సమాధి, కూడా చూసి రండి. రాత్రి స్వామికి జరిగే ముత్యాల హారతి కూడా ఆమెదే.

ప్రశ్న: గుడిమల్లం లింగాన్ని కనిపెట్టింది ఎవరు? (ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట)

ఊరికి అది ఎప్పుడూ గుడే, బాణుల కాలం, చోళుల కాలం శాసనాలే ఉన్నాయి అక్కడ. బయటి లోకానికి దాని వయసెంతో చెప్పినవారు మాత్రం టి.ఎ. గోపీనాథరావు. తిరువాన్కూరు సంస్థానంలో పురావస్తు శాఖ అధికారి. ఆయన 1910లలో దీని గురించి రాసినప్పటి నుంచే ఇది శివలింగాల్లో అతి పాతవాటిలో ఒకటని పండితులు తిరిగి చూశారు. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాలదని ఎక్కువమంది అంటారు, కాదు తర్వాతిదని వాదించేవాళ్ళూ ఉన్నారు. 1954లో కేంద్ర పురావస్తు శాఖ చేతికి వచ్చింది. 1973-74లో ఐ. కార్తికేయ శర్మ ఇక్కడ తవ్వకాలు చేసి, ఇప్పుడున్న కట్టడం కంటే ఎంతో ముందే ఇక్కడ పూజాస్థలం ఉండేదని తేల్చారు.

రేణిగుంటలో ఉండి ఇంకా చూడలేదంటే వెంటనే పోండి. గర్భగుడి నేల మట్టానికి కిందికి ఉంటుంది. దాదాపు ఐదడుగుల రాతి లింగం, దాని ముందు వైపు శివుడు నిలబడి ఉంటాడు, కుడి చేతిలో పొట్టేలు తల్లకిందులుగా వేలాడుతుంటుంది, ఎడమ చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద ఒక మరుగుజ్జు యక్షుడు, చూడండి వాడి ముఖం, అంత బరువు మోస్తూ కూడా హాయిగా ఉంటాడు. చెక్కిన శిల్పి పేరు ఎక్కడా లేదు, కానీ ఒంటి మీద బట్ట ఎంత పలచనిదో రాతిలో చూపించాడంటే ఆయన చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది.

ప్రశ్న: హార్స్‌లీ హిల్స్‌కి ఆ పేరు ఎందుకు? మార్చకూడదా? (మదనపల్లె)

డబ్ల్యూ.డి. హార్స్‌లీ అని కడప కలెక్టరు, ఎండలు పడలేక 1870 ప్రాంతంలో అక్కడ బంగళా కట్టుకున్నాడు, అందుకు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండ మీద మల్లమ్మ అనే ఆమెని ఏనుగులే చూసుకునేవనీ, ఆమె అక్కడి గిరిజనులకి కష్టాల్లో తోడుండేదనీ, ఒక రోజు కనపడకుండా పోయిందనీ కథ. పేరు మార్చాలా వద్దా అన్నది ప్రభుత్వం పని. మన నోటికి మాత్రం అడ్డెవరు, మల్లమ్మ కొండ అనే పిలవండి, పిల్లలకి రెండు పేర్లూ చెప్పండి.

ప్రశ్న: హైదర్ అలీ చనిపోయింది చిత్తూరు దగ్గరని మా సార్ చెప్పారు. శ్రీరంగపట్నంలో సమాధి ఉంది కదా? (ఇంటర్ విద్యార్థిని, చిత్తూరు)

మీ సార్ చెప్పింది అక్షరాలా నిజం. ఇంగ్లీషు వాళ్ళతో రెండో మైసూరు యుద్ధం మధ్యలో, 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ పోయాడు. వీపు మీద పుండు లేచి అది ముదిరిపోయింది. అదే ఏడు చంద్రగిరి కోట కూడా ఆయన చేతికి వచ్చింది. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే దండు చెదిరిపోతుందని పూర్ణయ్య లాంటి మంత్రులు సంగతి బయటికి పొక్కనివ్వలేదు, దేహాన్ని ఖజానా పెట్టెలా చూపించి కోలారుకి పంపారు, తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు. ఒక సామ్రాజ్యం చేతులు మారడం అలా మన జిల్లా మట్టి మీద గుట్టుగా జరిగింది.

ప్రశ్న: తిరుమల శాసనాలన్నీ ఎవరు చదివారు? (బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగి, తిరుపతి)

సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారు. తమిళంలో, తెలుగులో, సంస్కృతంలో, కన్నడంలో వెయ్యికి పైగా ఉన్న శాసనాల్ని గోడ గోడకీ వెతికి ఎత్తి రాయించి, 1930ల నుంచి సంపుటాలుగా దేవస్థానం తరఫున అచ్చు వేయించారు. పైన సామవాయి గురించి నేను అంత ధీమాగా రాయగలిగానంటే ఆయన పుణ్యమే. అన్నమయ్య కీర్తనల రాగిరేకుల్ని వెలుగులోకి తెచ్చిన వాళ్ళలోనూ ఆయనా, వేటూరి ప్రభాకరశాస్త్రి గారూ ఉన్నారు, కొన్ని కీర్తనలకి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వరాలు కట్టారు. పొద్దున్నే మన ఇళ్ళల్లో వినిపించే కీర్తనలు ఈ ముగ్గురి చేతుల మీదుగా వచ్చినవే.

మీరు రిటైరయ్యారు, తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. గోవిందరాజస్వామి గుడికి ఈసారి పోయినప్పుడు దర్శనం అయ్యాక ప్రాకారం గోడల్ని నిదానంగా చూడండి. ఏటవాలుగా వెలుతురు పడే సాయంత్రం పూట అక్షరాలు బాగా తేలతాయి. సున్నం పూసో మేకులు కొట్టో పాడవుతున్న చోటు ఏదైనా కనపడితే ఫోటో తీసి గుడి ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, ఇచ్చిన కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి.